నోటి క్యాన్సర్‌కు రక్తపరీక్ష ప్యాకేజీ: కర్నూలులో ఏడాదిన్నర వాడి చూశాక

కర్నూలులోని ఒక డయాగ్నొస్టిక్ కేంద్రం అమ్ముతున్న రెండు రక్తపరీక్షల ప్యాకేజీల మీద ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటిది ఏ జబ్బూ తేలనివారి కోసం పెట్టిన 'క్యాన్సర్ గుర్తింపు ప్యాకేజీ', రెండోది చికిత్స పూర్తయినవారి కోసం పెట్టిన 'ఫాలో-అప్ ప్యాకేజీ'. మా బావ కోసం మొదటిదాన్ని ఒకసారి, రెండోదాన్ని నాలుగుసార్లు కొన్నాను. ఇలాంటి ప్యాకేజీలు చిన్న మార్పులతో చాలాచోట్ల దొరుకుతున్నాయి, నా ఫిర్యాదు కూడా ఒక దుకాణం మీద కాకుండా ఆ సరుకు మీదే కాబట్టి కేంద్రం పేరు రాయడం లేదు. పొగాకు, గుట్కా, వక్కాకు అలవాటున్న మనిషి ఇంట్లో ఉండి, ఆ భయంతో ఇలాంటి ప్యాకేజీ కొనాలని ఆలోచిస్తున్నవారు ఒక్కరైనా ముందుగా ఇది చదివితే మంచిదని నా కోరిక.

మా బావకు నలభై ఏడేళ్ళు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ వ్యాపారం. తెల్లవారుజామున యార్డుకు వెళ్తే మధ్యాహ్నం దాకా నిలబడే పని. పదిహేడేళ్ళ వయసు నుంచి బీడీ, ఆ తర్వాత కొన్నాళ్ళకు గుట్కా అలవాటయ్యాయి. గుట్కా మీద నిషేధం వచ్చాక పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో అమ్మడం మొదలైంది. రెండూ అరచేతిలో కలుపుకుని ఎడమ బుగ్గకు, కింది చిగురుకు మధ్య పెట్టుకునేవాడు. నిరుడు సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు, ఎర్రకారం పూసిన దోసె ఒక ముక్క తిని పక్కన పెట్టేశాడు. నోరు మండుతోందన్నాడు. మూడు వారాలుగా అలాగే ఉందని మా అక్క చెప్పింది.

ఆ వారమే ఆ కేంద్రం కరపత్రం నా చేతికి వచ్చింది. పన్నెండు రకాల క్యాన్సర్లను ఒకే రక్తపు చుక్కతో ముందుగానే పసిగట్టవచ్చని దాని మీద రాసి ఉంది. జాబితాలో మూడోది నోటి క్యాన్సర్. ధర 4,200 రూపాయలు. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. కణం గురించి, కణవిభజన గురించి ఏటా పిల్లలకు పాఠం చెప్పే నేను, రక్తంలో కనబడేదాకా ఎందుకు ఆగాలి, కళ్ళెదుట ఉన్న నోటినే ఎందుకు చూపించకూడదు అని ఆ రోజు ఆలోచించలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సేవ విషయంలో వారికి పూర్తి మార్కులు వేయాలి. ఫోన్‌లో చెప్పిన ప్రకారం ఉదయం ఆరున్నరకు ఒక అబ్బాయి ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకున్నాడు, సూది సీలు మా ముందే తెరిచాడు. ఒక్క పోటులోనే నరం దొరికింది. పసుపు మూత గొట్టం, ఊదా మూత గొట్టం నింపి, ఊదా మూతదాన్ని ఊపేయకుండా మెల్లగా ఏడెనిమిదిసార్లు తలకిందులు చేశాడు. ఆ తర్వాత బావ చేతే పేరు, వయసు చెప్పించి, బార్‌కోడ్ చీటీలను మంచం దగ్గరే అంటించి ఐసు పెట్టెలో సర్దుకున్నాడు. గొట్టాలు తారుమారు కాకుండా ఉండాలంటే చీటీ రోగి ఎదుటే అంటించాలి. చాలాచోట్ల ఆ పని ల్యాబుకు వెళ్ళాక చేస్తారు. సాయంత్రం ఏడింటికి సగం రిపోర్టు ఫోనుకు వచ్చింది. మిగతాది హైదరాబాదు పంపామని చెప్పి, మరునాడు ఇచ్చారు.

రిపోర్టు మొదటి పేజీ మీద, ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి టోకుగా వచ్చేది కాదు, జాబితాలో చేర్చిన పరీక్షలకే వర్తిస్తుంది. మా రిపోర్టులో చక్కెర, క్రియాటినిన్ వంటివాటికి ఆ ముద్ర వర్తించింది. నోటి క్యాన్సర్ పేరు చెప్పి అమ్మిన పరీక్ష వరుస పక్కన మాత్రం చిన్న చుక్క గుర్తు ఉంది. చివరి పేజీ అడుగున ఆ గుర్తుకు అర్థం ఇచ్చారు: ఈ పరీక్ష గుర్తింపు పరిధిలో లేదు. అంత చిన్న అక్షరాలను నేను చదివింది మూడు నెలల తర్వాత.

ఆ ప్యాకేజీలో నిజానికి ఏముందో చెప్తాను. రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును చూపించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, ఆ పైన ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగగల పదార్థాలు) అనే ఐదు: సీఈఏ, ఏఎఫ్‌పీ, సీఏ 19-9, పీఎస్‌ఏ, ఎస్‌సీసీ యాంటిజెన్. ఏఎఫ్‌పీ కాలేయానికి సంబంధించినది, సీఏ 19-9 ప్రధానంగా క్లోమానికి, పీఎస్‌ఏ ప్రోస్టేట్‌కు. సీఈఏను 1965లో కెనడాలో పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేస్తూ కనుగొన్నారు. ఈ నాలుగింటికీ నోటితో పనిలేదు. మిగిలిన ఎస్‌సీసీ యాంటిజెన్ ఒక్కటే మన విషయానికి కాస్త దగ్గరిది. నోటి క్యాన్సర్లలో తొంభై శాతానికి పైగా పొలుసుల వంటి పైపొర కణాల్లో పుట్టేవే, ఈ ప్రోటీను ఆ జాతి కణాలు విడుదల చేసేదే. దీన్ని మొదట 1977లో జపాన్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణజాలంలో గుర్తించారు, ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఆ జబ్బులోనే.

ఇప్పుడు మా బావ రిపోర్టు. ఎస్‌సీసీ యాంటిజెన్ మిల్లీలీటరుకు 0.9 నానోగ్రాములు. సాధారణంగా 1.5 లోపు ఉంటే మామూలుగా ఉన్నట్టు లెక్క. అంటే నోటి వరుసలో పచ్చ గుర్తు. సీఈఏ మాత్రం 5.8 ఉండి, ఎర్రటి లావు అక్షరాల్లో పడింది. బీడీ, సిగరెట్టు తాగేవారిలో సీఈఏ ఏ క్యాన్సరూ లేకుండానే ఈ కాస్త పెరగడం మామూలు విషయం. రిపోర్టులో ఆ మాట లేదు. 'వైద్యుని సంప్రదించండి' అని మాత్రమే ఉంది. దాంతో అందరి దృష్టీ కడుపు మీదకు మళ్ళింది. అల్ట్రాసౌండ్ చేయించాం, మళ్ళీ సీఈఏ చేయించాం, ఫిబ్రవరి చివర్లో పెద్దపేగులోకి గొట్టం వేసి చూశారు. ఏమీ లేదు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. నోరు ఇంకా మండుతూనే ఉందని అక్క అన్నప్పుడల్లా బావ ఒకటే మాట అనేవాడు: "నోటిది నార్మల్ అని రాసిచ్చినారు గదే. నాలుగు వేలు పోసి చేయించినాంక ఇంకేం అనుమానం?"

ఏప్రిల్ మొదటి వారంలో కింది దవడ పన్ను కదులుతోందని, పీకించుకోవడానికి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె పన్ను వైపు చూడకముందే బావను నోరు బాగా తెరవమన్నారు. తెరిస్తే పైపళ్ళకు, కిందిపళ్ళకు మధ్య రెండు వేళ్ళు కూడా పూర్తిగా పట్టలేదు. మామూలు మనిషికి మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. అద్దంతో ఎడమ బుగ్గను పక్కకు లాగి టార్చి వేశారు. కింది చిగురు పక్కన, ఏళ్ళ తరబడి పొగాకు నిలిచిన ఆ సందులో, తెల్లటి మచ్చ మధ్య ఎర్రగా, అంచులు లేచి, గట్టిగా ఉన్న పుండు. రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. నేను చూసిన మొదటి క్షణంలోనే నాకు అర్థమైంది. అది చూడడానికి ఆమెకు పట్టిన సమయం ఒక నిమిషం లోపే. రెండు వందల రూపాయల ఫీజు. ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపించారు. పదో రోజున పొలుసుల కణ క్యాన్సర్ అని తేలింది.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు పన్నెండు వారాలు. ఆ వారాల్లోనే జబ్బు మెడ గ్రంథిలోకి దిగిందా, అప్పటికే దిగి ఉందా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు. మే నెలలో దవడ ఎముక అంచు, బుగ్గ లోపలి కండ, మెడ గ్రంథులు తీసేశారు. వాటిలో ఒక గ్రంథిలో జబ్బు ఉంది. జూన్ నడిమి నుంచి ఆరు వారాలు, వారానికి ఐదు చొప్పున ముప్పై సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఖర్చులో పెద్ద భాగం ఎన్టీఆర్ వైద్య సేవ కింద సర్దుబాటు కావడం మా అదృష్టం. ఆరోగ్యశ్రీగా అందరికీ తెలిసిన పథకమే ఇది.

ఇంతకీ రక్తపరీక్ష ఎందుకు పట్టుకోలేకపోయింది? ల్యాబు పొరపాటు చేసిందని నేను అనడం లేదు. 0.9 అన్న అంకె సరైనదే అయి ఉంటుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు అది విడిచే ప్రోటీను, ఒంట్లో ఉన్న ఐదు లీటర్ల రక్తంలో కలిశాక, ఆరోగ్యవంతుడి స్థాయి నుంచి విడదీసి చూపించేంతగా ఉండదు. నోటి క్యాన్సర్ ఉన్నవారిలో కూడా చాలామందికి ఎస్‌సీసీ యాంటిజెన్ మామూలుగానే వస్తుంది. పెరిగేవారిలో ఎక్కువమంది జబ్బు ముదిరినవారు, గ్రంథులకు పాకినవారు. ఇంకోవైపు జబ్బు లేకుండానే అది పెరిగే సందర్భాలూ ఉన్నాయి: సోరియాసిస్, ఎగ్జిమా వంటి చర్మవ్యాధులు, మూత్రపిండాల వైఫల్యం. చెమట, ఉమ్మి తుంపర శాంపిల్‌లో పడినా అంకె పెరుగుతుంది, ఎందుకంటే ఆ ప్రోటీను చర్మంలోనూ లాలాజలంలోనూ ఉండనే ఉంది. సైటోకెరాటిన్ 19 ముక్కను కొలిచే సైఫ్రా 21-1 అనే మార్కరును కొన్ని ల్యాబులు దీనికి జతచేస్తాయి. ముదిరిన జబ్బులో ఎక్కువ, తొలి జబ్బులో తక్కువ అన్న గుణం దానికీ ఉంది.

లెక్క వేసి చూస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. ఊహకు పొగాకు నమిలే వెయ్యిమందిని తీసుకుందాం, వారిలో ఐదుగురికి తొలిదశ జబ్బు ఉందనుకుందాం. పరీక్ష ఐదుగురిలో ఇద్దరిని పట్టుకుంటుందని, జబ్బు లేనివారిలో నూటికి ఐదుగురిని పొరపాటున అనుమానిస్తుందని ఉదారంగానే అనుకుందాం. అప్పుడు ఎర్ర అక్షరాల రిపోర్టు యాభై ఇద్దరికి వస్తుంది, వారిలో జబ్బున్నవారు ఇద్దరే. మిగతా యాభైమంది మాలాగే స్కానింగుల చుట్టూ తిరుగుతారు. జబ్బు ఉండి కూడా పచ్చ గుర్తు చూసుకుని ఇంటికి పోయేవారు ముగ్గురు. ఈ ముగ్గురి గురించే నా బెంగ అంతా. అనుమానం వచ్చినవాడు ఎలాగూ ఇంకో డాక్టరుకు చూపించుకుంటాడు, నిశ్చింత కొనుక్కున్నవాడు చూపించుకోడు.

రక్తపరీక్షల శాస్త్రమే పనికిరానిదని నేను అనడం లేదు. అది వేగంగా ముందుకు పోతోంది. గడ్డ కణాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలో తేలుతాయి. రెండు మూడు గంటల్లోపే సగానికి సగం కరిగిపోతాయి కాబట్టి, ఈ రోజు గడ్డ పరిస్థితి ఏమిటో అవి ఈ రోజే చెప్పగలవు. చికిత్స తర్వాత వెంట ఉండి చూడడానికి అది గొప్ప గుణం. టాన్సిళ్ళు, నాలుక మొదలు దగ్గర హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లలో, ఆ వైరస్ డీఎన్‌ఏను రక్తంలో వెతికి జబ్బు తిరగబెట్టడాన్ని ముందే కనిపెట్టే పరీక్షలు అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. అయితే మన దగ్గర బుగ్గలో, చిగురు పక్కన వచ్చే క్యాన్సర్లకు ప్రధాన కారణం పొగాకు, వక్క. వాటిలో వెతకడానికి ఆ వైరస్ గుర్తు ఉండదు. ఈ తేడా చెప్పకుండా ఆ కేంద్రం కౌంటరు దగ్గర నాకు రక్తంలో గడ్డ డీఎన్‌ఏను వెతికే 'లిక్విడ్ బయాప్సీ' కూడా చూపించారు. నేను తీసుకోలేదు. పలు క్యాన్సర్లకు కలిపి ఒకే పరీక్షగా పేరుపడ్డ గ్యాలెరీ సంగతి చూడండి. 2021లో వెలువడిన దాని పెద్ద అధ్యయనం ప్రకారం, అన్ని రకాలూ కలిపి మొదటి దశ క్యాన్సర్లలో అది పట్టుకున్నవి 16.8 శాతం, నాలుగో దశలో 90.1 శాతం. ఎవరికైతే ముందుగా తెలియాలో వారి దగ్గరే అది బలహీనంగా ఉంది. జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ముక్కలైన మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీద, ముఖ్యంగా మిఆర్-21, మిఆర్-31 మీద తైవాన్ వంటి వక్క నమిలే దేశాల్లో ఆశాజనకమైన పరిశోధన జరుగుతోంది. లాలాజలం మీద కూడా జరుగుతోంది. గడ్డను నేరుగా తాకేది లాలాజలమే కాబట్టి నాకు దాని మీదే ఎక్కువ నమ్మకం. అవి మన వీధి ల్యాబుకు వచ్చే రోజు కోసం నేనూ ఎదురుచూస్తాను. ఈ ప్యాకేజీలో మాత్రం అవేవీ లేవు.

మరి తొలిదశలో పట్టుకునే మార్గం ఏది అంటే, దానికి రుజువు మన దక్షిణాదిలోనే, కేరళలో దొరికింది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి జనం నోళ్ళు వెలుతురులో చూశారు. లక్షా తొంభై వేలమందికి పైగా అందులో ఉన్నారు. 2005లో ఫలితాలు వచ్చాయి: పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. వారి చేతిలో ఉన్నది టార్చి లైటు, చూసే కన్ను, ఓపిక. మన దేశంలో 2022లో సుమారు 1,43,000 మందికి కొత్తగా నోటి, పెదవి క్యాన్సర్ వచ్చిందని ప్రపంచ క్యాన్సర్ లెక్కలు చెబుతున్నాయి. ముప్పై ఏళ్ళు దాటినవారికి నోరు చూసే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఊళ్ళో ఏఎన్‌ఎం దగ్గర ఉచితంగా చేస్తారు. కర్నూలు వైద్య కళాశాల ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, పెద్దాసుపత్రిలో దంత విభాగం ఉంది. 4,200 రూపాయలు చేతిలో పట్టుకుని నేను వీటన్నిటి ముందు నుంచే ఆ కేంద్రానికి వెళ్ళాను.

రెండో ప్యాకేజీ విషయానికి వస్తే, నా తీర్పు కొంచెం మెత్తబడుతుంది, కానీ ఎక్కువేమీ కాదు. ఫాలో-అప్ ప్యాకేజీ ధర 1,900 రూపాయలు. ఎస్‌సీసీ యాంటిజెన్, రక్తకణాల లెక్క, సీఆర్‌పీ, కాలేయం, మూత్రపిండాలు. మూడు నెలలకోసారి చేయించమంటారు. గుర్తింపుకు పనికిరాని మార్కరు ఫాలో-అప్‌కు పనికి రావచ్చు, ఇందులో వైరుధ్యం లేదు. ఆపరేషన్‌కు ముందు ఒక మనిషిలో ఎస్‌సీసీ ఏ ఐదో ఆరో ఉండి, ఆపరేషన్ తర్వాత ఒకటికి దిగిందనుకోండి, ఆ మనిషికి అది నమ్మదగిన గుర్తు. మళ్ళీ మెల్లగా రెండు, మూడు అంటూ ఎక్కితే డాక్టరు ఆ దిక్కున వెతకడానికి కారణం దొరుకుతుంది. ఎస్‌సీసీ, సీఆర్‌పీ రెండూ ఎక్కువగా ఉన్నవారికి గ్రంథులకు పాకే, తిరగబెట్టే ముప్పు ఎక్కువని తైవాన్ వైద్యులు చూపించారు. మామూలు రక్తకణాల లెక్కలోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను లింఫోసైట్లు అనే మరో రకంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి కూడా జబ్బు నడత గురించి కొంత చెబుతుంది. ఇవన్నీ డాక్టరు మిగతా వివరాలతో కలిపి చదువుకోవలసిన అంకెలు.

మా బావకు జబ్బు నోట్లో కనబడుతున్నప్పుడే ఎస్‌సీసీ 0.9. జబ్బు ఉన్నప్పుడు పెరగని మార్కరు, జబ్బు తిరిగొస్తే పెరుగుతుందని నమ్మడానికి ఆధారం ఏముంది? ఈ ఒక్క ప్రశ్న కౌంటరులో ఎవరైనా అడిగి ఉంటే నాలుగుసార్లు కట్టిన డబ్బు మిగిలేది. ఆపరేషన్‌కు ముందు విలువ ఎంత అని వారు అడగలేదు. వారి కంప్యూటరులో ఆ పాత రిపోర్టు ఉంది కూడా.

సెప్టెంబరులో 0.8 వచ్చింది. డిసెంబరులో శాంపిల్ తీసే అబ్బాయి సెలవులో ఉండడంతో వేరే ల్యాబులో ఇచ్చాం. అక్కడ 1.9 వచ్చింది. ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదు. మరునాడే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన రిపోర్టును ఒక్క చూపు చూసి పక్కన పెట్టి, గ్లవ్స్ వేసుకున్నారు. ఒక వేలు బుగ్గ లోపల, బొటనవేలు బయట పెట్టి, పెదవి మూల నుంచి దవడ చివరిదాకా అంగుళం అంగుళం నొక్కుతూ పోయారు. గాజుగుడ్డతో నాలుక పట్టుకుని అటూ ఇటూ తిప్పి పక్కలు చూశారు. వెనక నిలబడి గడ్డం కింద నుంచి మెడ ఎముక దాకా రెండు చేతుల వేళ్ళతో తడిమారు. తర్వాత బావతో అన్నారు, "ఏమీ లేదండి, నిశ్చింతగా ఉండండి. రెండు ల్యాబుల యంత్రాలు వేరు, పద్ధతులు వేరు, అంకెలు ఒకదానితో ఒకటి పోల్చకూడదు." పాత కేంద్రంలో మళ్ళీ చేయిస్తే 0.9. ఇది వాడేవారు గుర్తుంచుకోవలసిన విషయం: ఫాలో-అప్ కోసం చేయిస్తే ఒకే ల్యాబు, ఒకే పద్ధతి. జుట్టు కోసమని బయోటిన్ బిళ్ళలు మింగేవారు ఆ మాట ల్యాబులో ముందే చెప్పాలి. కొన్ని యంత్రాల్లో అది మార్కరు అంకెను తక్కువ చేసి చూపిస్తుంది. ఈ ప్రశ్న కూడా మమ్మల్ని ఎవరూ అడగలేదు.

చికిత్స తర్వాత తిరగబెట్టేవాటిలో ఎక్కువభాగం మొదటి రెండేళ్ళలోనే కనిపిస్తాయి. అందుకే మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరుకు నోరు, మెడ చూపించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఎస్‌సీసీ యాంటిజెన్‌ను అందరికీ తప్పనిసరి అని అవి చెప్పవు. అవి ఖచ్చితంగా అడిగే రక్తపరీక్ష ఒకటి ఉంది, అది క్యాన్సర్ మార్కరే కాదు: మెడకు కరెంటు పెట్టించుకున్నవారికి ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్. కిరణాలు మెడలోని థైరాయిడ్ గ్రంథిని కూడా తాకుతాయి, నెలలు గడిచాక అది మెల్లగా పని తగ్గిస్తుంది.

మార్చి నెలలో బావ యార్డుకు పోవడం మానేశాడు. కర్నూలు ఎండల్లో దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. మాట మందగించింది, ముఖం ఉబ్బింది. జబ్బు తిరగబెట్టిందనే ఇంట్లో అందరం లోలోపల అనుకున్నాం, ఒకరితో ఒకరు అనలేదు. ఫాలో-అప్ ప్యాకేజీ రిపోర్టులో ఎస్‌సీసీ 1.0, అన్నీ పచ్చ గుర్తులే. డాక్టరు నోరు, మెడ చూసి, టీఎస్‌హెచ్ ఒక్కటి రాశారు. 14 వచ్చింది. నాలుగు, నాలుగున్నర దాటకూడదు, దాటితే థైరాయిడ్ మందగించినట్టు. తెల్లవారి పరగడుపున వేసుకునే చిన్న థైరాక్సిన్ బిళ్ళ మొదలుపెట్టారు. ఆరు వారాల్లో మనిషి లేచి కూర్చున్నాడు, ఎనిమిదో వారంలో యార్డుకు వెళ్ళాడు. ఆ పరీక్ష ఖరీదు 250 రూపాయలు. నోటి, గొంతు క్యాన్సర్ చికిత్స అయినవారి కోసమని ప్రత్యేకంగా తయారుచేశామని చెప్పుకునే 1,900 రూపాయల ప్యాకేజీలో అది లేదు.

ఈ సంగతులన్నీ తీసుకుని మే నెలలో ఆ కేంద్రం మేనేజరును కలిశాను. ఆమె ఓపికగా విన్నారు, రెండు రిపోర్టుల నకళ్ళు తీసుకున్నారు. కరపత్రం ప్రధాన కార్యాలయం నుంచి వస్తుందని, పైకి పంపిస్తానని చెప్పారు. నేను అడిగినవి మూడు: గుర్తింపు ప్యాకేజీ కరపత్రం నుంచి నోటి క్యాన్సర్ పేరు తీసేయాలి, లేదా రిపోర్టు మామూలుగా వచ్చినా నోటిలో పుండు, మచ్చ ఉంటే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలని పెద్ద అక్షరాల్లో రాయాలి. పొగతాగేవారి సీఈఏ పక్కన ఆ వివరణ ఇవ్వాలి. ఫాలో-అప్ ప్యాకేజీలో టీఎస్‌హెచ్ చేర్చాలి. జూన్ చివర్లో వెళ్ళి చూస్తే ఫాలో-అప్ జాబితాలో టీఎస్‌హెచ్ చేరింది, ధర 2,100 అయింది. గుర్తింపు ప్యాకేజీ కరపత్రం మాత్రం అదే, మూడో వరుసలో నోటి క్యాన్సరూ అలాగే ఉంది.

అందుకని నా మార్కులు ఇలా ఉన్నాయి. శాంపిల్ తీసే పద్ధతికి, సమయపాలనకు ఐదుకు ఐదు. ఫాలో-అప్ ప్యాకేజీకి ఐదుకు రెండున్నర, అదీ ఆపరేషన్‌కు ముందు ఎస్‌సీసీ పెరిగి ఉన్నవారికి, డాక్టరు అడిగితేనే. నోటి క్యాన్సర్‌ను కనిపెట్టడానికని అమ్మే గుర్తింపు ప్యాకేజీకి సున్నా. రెండు మూడు వారాలైనా మానని పుండు, గోకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, కారణం లేకుండా పన్ను కదలడం, మెడలో గట్టి గడ్డ, ఇవి ఉన్నవారు దయచేసి ల్యాబుకు ఫోన్ చేయవద్దు, పళ్ళ డాక్టరుకో చెవి-ముక్కు-గొంతు డాక్టరుకో నోరు చూపించండి. అనుమానం ఉంటే ముక్క పరీక్ష తప్ప వేరే ఏదీ తేల్చదు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం మా ఇంట్లోనూ ఉండేది, అది నిజం కాదు. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా ఇస్తారు. బావ ఆపరేషన్‌కు ముందు వారంలో ఆ నంబరుకు నా ఫోన్ నుంచే మాట్లాడాడు, ఆ తర్వాత పొట్లం ముట్టలేదు.

మళ్ళీ ఆ కేంద్రానికి వెళ్తానా అంటే, వెళ్తాను. సెప్టెంబరు మొదటి వారంలో బావకు టీఎస్‌హెచ్ ఉంది. విడిగా ఆ ఒక్కటే రాయించుకుని, ఉదయం ఆరున్నరకు అదే అబ్బాయిని పంపమని చెప్పి ఉంచాను. రక్తం ఇచ్చి, ఇడ్లీ తిని, తొమ్మిదింటికల్లా డాక్టరు గది ముందు కూర్చోవాలి. అక్క ఇప్పటికే పాత రిపోర్టులన్నీ తేదీల వరుసన సంచిలో సర్దింది, పైన చిన్న టార్చి పెట్టింది. ప్రతి ఆదివారం ఉదయం బావను కిటికీ దగ్గర కూర్చోబెట్టి బుగ్గ లాగి దాంతోనే తానూ చూస్తుంది.